ఫ్యాన్ కన్వెన్షన్‌కు తొలిసారి వెళ్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

కామిక్స్, యానిమే, సైన్స్ ఫిక్షన్, వీడియో గేములు, ఫాంటసీ ధారావాహికలు ఇష్టపడేవారంతా ఒకచోట చేరే పెద్ద కన్వెన్షన్ల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. చాలా ఏళ్లుగా ఇటువంటి కన్వెన్షన్లకు అభిమానిగా వెళ్తున్నాను, కొన్నింటిలో వాలంటీరుగా క్యూల దగ్గర నిలబడి పనిచేశాను. ఆ అనుభవంతో కొన్ని ప్రశ్నలకు ఇక్కడ సమాధానమిస్తున్నాను.

ప్రశ్న: మూడు రోజుల పెద్ద కన్వెన్షన్‌కు మొదటిసారి, అదీ ఒంటరిగా వెళ్తున్నాను. కార్యక్రమాల పట్టిక చూసి 14 ప్యానెళ్లకు, అంటే అతిథులు వేదిక మీద కూర్చుని మాట్లాడే కార్యక్రమాలకు, గుర్తు పెట్టుకున్నాను. అన్నీ చూడగలనా? అక్కడ అసలు ఎలా ఉంటుందో ముందుగా తెలుసుకోవాలని ఉంది.

సమాధానం: పద్నాలుగూ చూడలేరు. వాటిలో నాలుగైదు తృప్తిగా చూడగలిగితే మీ ప్రయాణం ఫలించినట్లే. పెద్ద కన్వెన్షన్ నుంచి దిగులుగా తిరిగివచ్చేవారిలో ఎక్కువమంది అన్నీ చూడాలని వెళ్లినవారేనని నేను గమనించాను. అందుకే ఏవి చూడాలనే పట్టికతో పాటు ఏవి వదులుకోవాలో కూడా ఇంట్లో కూర్చునే తేల్చుకోమని అందరికీ చెబుతుంటాను.

ఎందుకు చూడలేరో అర్థం కావాలంటే ఈ సభలు ఎంతగా పెరిగాయో ఒకసారి చూడండి. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌కు వచ్చినవారు సుమారు 200 మంది. 1970 ఆగస్టులో శాన్ డియేగోలో ఒక హోటల్లో మూడు రోజులు జరిగిన కామిక్స్ సభకు వచ్చినవారు సుమారు 300 మంది. ఆ సభే శాన్ డియేగో కామిక్ కాన్‌గా ఎదిగింది, ఇప్పుడు దానికి 1,30,000 మందికి పైగా వస్తున్నారు. అందరూ చూడాలనుకునే పెద్ద ప్రకటనలు జరిగే ‘హాల్ హెచ్’లో మాత్రం సుమారు 6,500 కుర్చీలే ఉన్నాయి. అంటే ఏ ఒక్క కార్యక్రమాన్ని తీసుకున్నా అక్కడికి వచ్చినవారిలో నూటికి అయిదుగురికే చోటు దొరుకుతుంది. దాని కోసం ముందు రోజు నుంచే జనం బారులు తీరడం, నిర్వాహకులు రిస్ట్‌బ్యాండ్లు పంచి ఆ బారులను అదుపు చేయవలసిరావడం ఈ లెక్క వల్లనే. మీరు వెళ్లే కన్వెన్షన్ అంత పెద్దది కాకపోయినా లెక్క ఇలాగే ఉంటుంది: బాగా పేరున్న కార్యక్రమం ఒక్కటి చూడాలంటే దాని చుట్టూ ఉన్న మూడు నాలుగు గంటలు క్యూకే ధారపోయవలసి ఉంటుంది.

ఇక్కడ ముందే కనుక్కోవలసిన సంగతి ఒకటుంది. ఒక ప్యానెల్ ముగిశాక గదిని ఖాళీ చేయిస్తారా, చేయించరా? కొన్ని కన్వెన్షన్లలో ప్రతి కార్యక్రమం తరువాతా అందరినీ బయటికి పంపి, క్యూలో ఉన్నవారిని లోపలికి తీసుకుంటారు. శాన్ డియేగోలో అలా చేయరు, పొద్దున కుర్చీ దొరికినవారు సాయంత్రం దాకా కూర్చోవచ్చు. ఖాళీ చేయించని చోట మీకు కావలసిన ప్యానెల్ మధ్యాహ్నం మూడింటికి ఉంటే దానికి ముందున్న రెండు మూడు ప్యానెళ్ల సమయంలోనే లోపలికి చేరుకోవాలి. ఖాళీ చేయించే చోట అలా ముందే చేరుకున్నా ప్రయోజనం లేదు. ఈ ఒక్క నియమం తెలియక ఆరుబయట గంటల తరబడి నిలబడి, లోపలినుంచి ఒక్కరూ బయటికి రాకపోవడం చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవారిని నేను క్యూ దగ్గర వాలంటీరుగా ఉన్నప్పుడు ఓదార్చవలసివచ్చింది.

కాబట్టి రోజుకు ఒక్క కార్యక్రమాన్ని మాత్రం ‘తప్పనిసరి’ అనుకోండి. దానికి రెండు ప్రత్యామ్నాయాలు రాసిపెట్టుకోండి, మిగిలిన సమయాన్ని ఖాళీగా ఉంచుకోండి. ఆ ఖాళీలోనే మంచి సంగతులు జరుగుతాయని నా అనుభవం. నా మొదటి కన్వెన్షన్‌లో రెండు రోజులు ఈ హాలు నుంచి ఆ హాలుకు పరుగులు తీసి దేన్నీ పూర్తిగా చూడలేకపోయాను. మూడో రోజు కాళ్లు లాగేస్తుంటే, కూర్చోవడానికి చోటుంటే చాలనుకుని ఒక మూలనున్న చిన్న గదిలోకి వెళ్లాను. ముప్పైమందికి మించి లేరు. కామిక్స్‌లో సంభాషణలను చేత్తో రాసే ఒక పెద్దాయన, పాళీని కాగితం మీద ఏ కోణంలో ఆనిస్తే నిలువు గీత సన్నగా, అడ్డగీత లావుగా పడుతుందో రాసి చూపిస్తున్నారు. మాటల బుడగలో అక్షరాలు ముందు రాసి, బుడగ గీత ఆ తరువాత గీయాలని, గీత ముందు గీస్తే మాటలు ఇరుకున పడతాయని చెప్పి, రెండు విధాలా రాసి ఆ కాగితాన్ని మాకు అందించారు. అది చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చేసరికి సిరా ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆ రోజు తరువాత ఏ కామిక్ పుస్తకం తెరిచినా బొమ్మ కంటే ముందు అక్షరాలే నా కంటబడుతున్నాయి. నేను గుర్తు పెట్టుకున్న పట్టికలో ఆ కార్యక్రమం లేనే లేదు.

ఒంటరిగా వెళ్తున్నానని బెంగ పెట్టుకోకండి. క్యూలో మీకు ముందున్నవారూ వెనకున్నవారూ మీకు ఇష్టమైనదాన్నే ఇష్టపడి వచ్చినవారు, మాట కలపడానికి ఇంతకంటే అనువైన చోటు మరొకటి ఉండదు. మరుగుదొడ్డికి వెళ్లవలసివస్తే ముందూ వెనకా ఉన్నవారికి చెప్పి వెళ్లి రావచ్చు, సాధారణంగా ఎవరూ కాదనరు. అయితే ఒక్కరు నిలబడి అయిదుగురు స్నేహితులకు చోటు పట్టడం మాత్రం చాలా చోట్ల నిషిద్ధం, న్యాయం కూడా కాదు. లోపలికి వెళ్లడానికి ఇచ్చే బ్యాడ్జ్‌ను మెడలోంచి తీయకండి. పోగొట్టుకుంటే మళ్లీ ఇవ్వని కన్వెన్షన్లే ఎక్కువ. దాని మీది బార్‌కోడ్ కనిపించేలా ఫోటో తీసి ఎవరికీ పంపకండి. వేలమంది ఒకేసారి ఫోన్లు వాడటంతో లోపల సిగ్నల్ సరిగా అందదు కనుక హాళ్ల పటాన్నీ కార్యక్రమాల పట్టికనూ ముందే ఫోన్‌లోకి దింపుకోండి, ఒక ప్రతిని కాగితం మీద కూడా ఉంచుకోండి. కాంక్రీటు నేల మీద రోజంతా నడవాలి కాబట్టి బాగా అలవాటైన పాత బూట్లే వేసుకోండి.

ప్రశ్న: ఫోమ్ షీట్లతో ఆరు నెలలు కష్టపడి ఒక యోధుడి కవచం, కత్తి తయారుచేసుకున్నాను. మొదటిసారి కాస్‌ప్లే చేస్తున్నాను, అంటే నచ్చిన పాత్ర వేషం వేసుకుని వెళ్తున్నాను. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం: ఆరు నెలల శ్రమ అని చదివి సంతోషించాను. కన్వెన్షన్‌కు వేషం వేసుకుని వెళ్లడం ఈ సభలంత పాతది. 1939లో జరిగిన ఆ మొదటి ప్రపంచ కన్వెన్షన్‌కే మిర్టిల్ డగ్లస్ అనే అభిమాని తనకూ, తన మిత్రుడు ఫారెస్ట్ అకర్‌మన్‌కూ భవిష్యత్ కాలపు దుస్తులు స్వయంగా కుట్టి తీసుకువెళ్లారు. ‘కాస్‌ప్లే’ అనే మాట మాత్రం 1980లలో జపాన్‌లో పుట్టింది. కాబట్టి మీరు చాలా పెద్ద వరసలో చేరుతున్నారు.

మొదట కత్తి సంగతి. ప్రతి కన్వెన్షన్‌కూ ఆయుధాల వంటి వస్తువుల మీద రాతపూర్వకమైన నియమాలుంటాయి. వాటిని అక్షరం వదలకుండా చదవండి. లోహపు అంచులు, నిజమైన తుపాకీని పోలినవి, ఏదైనా విసిరేవి సాధారణంగా అనుమతించరు. ఫోమ్ కత్తికి ఇబ్బంది ఉండదు కానీ లోపల గట్టిదనం కోసం ఇనుప ఊచ పెట్టి ఉంటే ద్వారం దగ్గరే ఆపివేయవచ్చు. తనిఖీ చేసి రంగు పట్టీనో చీటీనో కట్టి పంపుతారు, సభ ముగిసే దాకా దానిని విప్పకూడదు. ఎంత పొడవు వరకు తేనిస్తారో కూడా చూసుకోండి.

వేషంతో ఇంటినుంచి నేరుగా రావచ్చా అన్నది చోటును బట్టి మారుతుంది. టోక్యోలో జరిగే కామిక్ మార్కెట్‌కు వేషంలో రాకూడదు, వేషంతో తిరిగి వెళ్లకూడదు. అక్కడ కేటాయించిన గదుల్లోనే దుస్తులు మార్చుకోవాలి. ఇంకొన్ని చోట్ల హోటల్ గదినుంచే పూర్తి వేషంలో నడిచివచ్చేవారు కనిపిస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఏమిటంటే, వెళ్లేముందు ఒక రోజు ఇంట్లో కవచమంతా ధరించి కనీసం మూడు నాలుగు గంటలు గడపండి. మెట్లెక్కి దిగండి, కుర్చీలో కూర్చోండి, కింద పడిన వస్తువును వంగి తీయండి, శిరస్త్రాణం లోంచి పక్కలకు ఎంత కనిపిస్తుందో, ఎదుటివారి మాట ఎంత వినిపిస్తుందో గమనించండి, ఎవరి సాయమూ లేకుండా మరుగుదొడ్డికి వెళ్లిరాగలరో లేదో చూసుకోండి. అద్దం ముందు ఎంతో బాగున్న మోకాలి కవచం పది మెట్లెక్కేసరికి పిక్కను ఒరుసుకుంటుందని ఇంట్లోనే తెలిస్తే, లోపల మెత్తని గుడ్డ అతికించుకునే వీలుంటుంది. ఫోమ్ గాలి ఆడనివ్వదు. జనసమ్మర్దంలో ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. గంటకొకసారి శిరస్త్రాణం తీసి నీళ్లు తాగడం నియమంగా పెట్టుకోండి, తల తిరుగుతున్నట్లు అనిపిస్తే వేషం చెడిపోతుందని చూడకుండా వెంటనే విప్పేయండి. గ్లూ గన్‌తో వేసిన అతుకులు ఎక్కువ వేడికి మెత్తబడి ఊడిపోతాయి కాబట్టి ఎండలో నిలిపిన వాహనంలో కవచాన్ని వదిలిపెట్టకండి. పిన్నీసులు, సూది దారం, రెండువైపులా అంటుకునే టేపు, త్వరగా ఆరే జిగురు ఒక చిన్న సంచిలో వేసుకుని వెళ్లండి. ఆ సంచినీ నీళ్ల సీసానూ పట్టుకుని, రద్దీలో మీకు దారి చూపించే స్నేహితుడు ఒకరు వెంట ఉంటే సగం భారం తీరినట్లే.

ప్రశ్న: మా తమ్ముడికి ఫోటోగ్రఫీ మీద ఆసక్తి ఎక్కువ. అందరూ చూడాలనే కదా వేషాలు వేసుకొస్తారు, అడగకుండా ఫోటో తీస్తే తప్పేమిటని అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: నిజం కాదు. మీ తమ్ముడికి ఈ విషయం గట్టిగానే చెప్పండి. చూడటానికి వేసుకున్న వేషం వేరు, తన రూపాన్ని మరొకరు తమకు నచ్చినట్లు తీసుకుపోవడం వేరు. వేషం వేసుకోవడం దేనికీ అనుమతి ఇచ్చినట్లు కాదనే హెచ్చరికను న్యూయార్క్ కామిక్ కాన్‌లో 2014లో పెద్ద పెద్ద బోర్డుల మీద రాసి నిలబెట్టారు. చాలామంది, ముఖ్యంగా అమ్మాయిలు, ఎంతో కాలం ఓర్చుకున్న ఇబ్బందులే ఆ బోర్డులను అక్కడికి తెచ్చాయి. ఇప్పుడు ఎన్నో కన్వెన్షన్లు ఇటువంటి నియమాన్ని తమ నియమావళిలో చేర్చుకున్నాయి.

అడగడానికి రెండు క్షణాలు పట్టదు. “ఒక ఫోటో తీసుకోవచ్చా?” అని అడిగితే దాదాపు అందరూ సంతోషంగా ఒప్పుకుంటారు, పైగా పాత్రకు తగిన భంగిమలో నిలబడతారు కాబట్టి ఫోటో కూడా బాగా వస్తుంది. తింటున్నప్పుడు, అతుకు బాగుచేసుకుంటున్నప్పుడు, పరుగున ఎక్కడికో వెళ్తున్నప్పుడు అడగకూడదు. భుజం మీద చెయ్యి వేయడం, విగ్గునూ రెక్కలనూ తాకిచూడటం అసలే కూడదు. నడిచే దారి మధ్యలో ఆపితే వెనక వందమంది ఆగిపోతారు కాబట్టి గోడ పక్కకు రమ్మని కోరాలి. తీసిన ఫోటో తొలగించమంటే మారుమాట్లాడకుండా తొలగించాలి. పిల్లల ఫోటోలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఎవరైనా ఇబ్బంది పెడుతున్నట్లు కనిపిస్తే దగ్గరలోని వాలంటీరుకు చెప్పండి, అది ఎవరికో సంబంధించిన గొడవ అనుకుని పక్కకు తప్పుకోకండి.

ప్రశ్న: నా అభిమాన నటుడు వస్తున్నారు. ప్రవేశ టికెట్ కొన్నాను. ఆయనతో ఫోటో, ఆటోగ్రాఫ్ దొరుకుతాయా? ఎదురుపడితే ఏం మాట్లాడాలో తోచడం లేదు.

సమాధానం: చాలా కన్వెన్షన్లలో ప్రవేశ టికెట్‌తో ఆటోగ్రాఫ్ గానీ ఫోటో గానీ రావు. రెండింటికీ విడివిడిగా డబ్బు కట్టి, కేటాయించిన వేళకు వెళ్లాలి. వేళ దాటితే అవకాశం పోతుంది కాబట్టి ఆ గంటలో మరే ప్యానెల్‌కూ ఒప్పుకోకండి. షూటింగుల వల్ల అతిథులు చివరి నిమిషంలో రాలేకపోవడం తరచు జరిగేదే. అప్పుడు ఫోటో డబ్బు తిరిగి ఇచ్చినా ప్రవేశ రుసుము సాధారణంగా తిరిగి ఇవ్వరు. ఆయన ఒక్కరి కోసమే ఇంత దూరం వెళ్లడం మీకు సమ్మతమేనా అని ఈ సంగతి మనసులో పెట్టుకుని నిర్ణయించుకోండి.

ఫోటో దగ్గర మీకు దక్కేది కొన్ని సెకన్లే. పలకరింపు, కెమెరా మెరుపు, ఆ వెంటనే తరువాతివారు. మాట్లాడాలని ఉంటే ఆటోగ్రాఫ్ ఎంచుకోండి, అక్కడ కాస్త వ్యవధి ఉంటుంది. మీ పేరును స్పష్టమైన అక్షరాలతో చిన్న కాగితం మీద రాసి, సంతకం చేయించుకోవలసిన చోట అంటించి ఇస్తే ఆయన పేరు అడిగి, మళ్లీ అడిగి, అక్షరక్రమం కనుక్కునే సమయం మీకు మిగులుతుంది. ఆ మిగిలిన సమయంలో ఒక్క వాక్యం చెప్పండి. “మీ నటన చాలా ఇష్టం” అనే మాట ఆయన ఆ రోజు వందలసార్లు విని ఉంటారు. ఏ సన్నివేశంలోని ఏ చూపు మీకు గుర్తుండిపోయిందో చెబితే ఆయన తల ఎత్తి మీ వైపు చూస్తారు. గొంతు పూడుకుపోయి మాట రాకపోయినా నామోషీ లేదు, ఆ బల్లల వెనక కూర్చునేవారికి అది అలవాటే.

ప్రశ్న: పదేళ్ల బాబును తీసుకువెళ్తున్నాం. వాడికి పెద్ద శబ్దాలు పడవు. తీసుకువెళ్లవచ్చా?

సమాధానం: నిరభ్యంతరంగా తీసుకువెళ్లండి. చెవులను కప్పే హెడ్‌ఫోన్లు వెంట ఉంచుకోండి. నిశ్శబ్దంగా కూర్చునేందుకు ప్రత్యేక గదులు ఏర్పాటు చేసే కన్వెన్షన్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి, మీరు వెళ్లేచోట ఉందో లేదో ముందే రాసి అడగండి. ఎక్కువసేపు నిలబడలేనివారికీ, చక్రాల కుర్చీలో వచ్చేవారికీ క్యూల దగ్గర సాయం చేసే విభాగం కూడా ఉంటుంది. బాబు చొక్కా లోపలి జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే వాలంటీరు బ్యాడ్జ్ ఉన్నవారి దగ్గరికి వెళ్లాలని చెప్పి, వెళ్లగానే ఒక వాలంటీరును వాడికి స్వయంగా చూపించండి. రెండు మూడు గంటలు తిరిగి, అలసట మొదలవక ముందే బయటికి వచ్చేయండి.

ప్రశ్న: ‘ఆర్టిస్ట్ ఆలీ’ అనే విభాగంలో చిత్రకారులే స్వయంగా బొమ్మలు అమ్ముతారట. బేరమాడవచ్చా? కొనకుండా చూస్తే ఏమైనా అనుకుంటారా?

సమాధానం: నన్నడిగితే కన్వెన్షన్ గుండె అక్కడే ఉంటుంది. పైన చెప్పిన టోక్యో కామిక్ మార్కెట్ 1975 డిసెంబరులో మొదలైనప్పుడు 32 బృందాలు, సుమారు 700 మంది అభిమానులు, తాము గీసి అచ్చువేసుకున్న పుస్తకాలు పరిచిన బల్లలు, అంతే. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు జరిగే ఆ సభకు కొన్ని రోజుల్లో వచ్చినవారి మొత్తం 5,00,000 దాటిన సందర్భాలున్నా, దానికి ఆధారం ఇప్పటికీ ఆ బల్లలే.

కొనకుండా చూడవచ్చు. నచ్చితే ఒక మంచి మాట చెప్పి ముందుకు కదలండి. బల్లకు అడ్డంగా నిలబడి కబుర్లు చెప్పుకుంటే మాత్రం ఆ చిత్రకారుడి అమ్మకం ఆగిపోతుంది. బేరమాడకండి. బల్ల అద్దె, ప్రయాణం, అచ్చు ఖర్చు పోగా వారికి మిగిలేది మీరు అనుకున్నదానికంటే చాలా తక్కువ. బొమ్మలను ఫోటో తీసుకోవడం కూడా వారి జీవనాధారాన్ని ఊరికే పట్టుకుపోవడమే అవుతుంది కాబట్టి ముందు అడగండి. మీ కోసం ప్రత్యేకంగా గీయించుకోవాలనుకుంటే మొదటి రోజు పొద్దున్నే వెళ్లి చెప్పండి, మధ్యాహ్నానికే వారి పట్టిక నిండిపోతుంది. చిల్లర దగ్గర ఉంచుకోండి, నెట్‌వర్క్ అందనప్పుడు ఫోన్ చెల్లింపులు ఆగిపోతాయి. కొన్న బొమ్మలు నలగకుండా ఒక గట్టి అట్ట ఫైలు తీసుకువెళ్లండి.

ప్రశ్న: కన్వెన్షన్‌కు వెళ్లివచ్చిన ప్రతిసారీ జ్వరం, గొంతునొప్పి వస్తున్నాయి. ఎందుకిలా?

సమాధానం: ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు, దీనికి అభిమానుల్లో ‘కాన్ క్రడ్’ అనే పేరే ఉంది. మూసి ఉన్న హాళ్లలో వేలమంది మధ్య గంటలు గడపడం, నిద్ర చాలకపోవడం, వేళకు తినకపోవడం కలిసి తెచ్చే జబ్బు ఇది. రోజుకు కనీసం అయిదు గంటల నిద్ర, రెండు పూటలా సరైన భోజనం, ఒకసారి స్నానం తప్పవని అనుభవజ్ఞులు కొత్తవారికి ‘అయిదు, రెండు, ఒకటి’ అని గుర్తుపెట్టుకోమంటారు. నేనైతే నిద్రను ఇంకా పెంచమంటాను. క్యూల్లోనూ కిక్కిరిసిన హాళ్లలోనూ మాస్క్ పెట్టుకోండి, తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. వెళ్లకముందే జ్వరం తగిలితే, టికెట్ డబ్బు పోయినా సరే, ఇంట్లోనే ఉండిపోండి. వచ్చిన మరునాడే ఉద్యోగానికి వెళ్లకుండా ఒక రోజు సెలవు పెట్టుకోగలిగితే ఒళ్లు తేరుకుంటుంది.

ప్రశ్న: నాకు ఒక్క రోజే వీలవుతుంది. ఏ రోజు వెళ్లమంటారు?

సమాధానం: శనివారం కార్యక్రమాలు ఎక్కువ, జనం అంతకంటే ఎక్కువ. పెద్ద ప్రకటనలూ వేషాల పోటీలూ మీకు ముఖ్యం కాకపోతే శుక్రవారం వెళ్లండి. స్టాళ్లలో సరుకు నిండుగా ఉంటుంది, చిత్రకారులు అలసిపోయి ఉండరు, నడిచే దారుల్లో ఊపిరి ఆడుతుంది. ఆదివారం మధ్యాహ్నానికి కొన్ని స్టాళ్లలో ధరలు తగ్గిస్తారు కానీ మీకు కావలసింది అప్పటికి అయిపోయి ఉండవచ్చు. ఏ రోజైనా తలుపులు తెరిచే వేళకు కనీసం గంట ముందు అక్కడ ఉండండి, సంచి తనిఖీకే చాలాసేపు పడుతుంది.